పోగు దాటని పిల్లవాడు

నేను ఏ పరీక్షా రాయలేదు. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను. ఒకప్పుడు దీన్ని దాచిపెట్టి చూశాను, దాని ఫలితమేమిటో నాకు తెలుసు. అయిదో తరగతి మధ్యలో బడి మానినవాణ్ణి. అయినా నా ఉద్యోగమంతా హైస్కూళ్ళలోనే గడిచింది. మొదట పెనుకొండలో బంట్రోతుగా, తర్వాత ధర్మవరంలో గుమాస్తాగా పని చేశాను. నాకు తెలిసిన ఇంగ్లీషూ, లెక్కలూ ఎవరూ కూర్చోబెట్టి నేర్పినవి కావు.

మొన్న మా వీధి చివరి బడివాళ్ళు తల్లిదండ్రులను పిలిచి సభ పెట్టారు. పదో తరగతి లెక్కల పేపరు ఎన్ని భాగాలు, ఏది తప్పనిసరి, ఏది ఎంచుకోవచ్చు, దేనికి ఎన్ని మార్కులు అని ఒక కుర్ర మాస్టరు ఓపిగ్గా చెప్పాడు. అచ్చేసిన కాగితం అందరి చేతిలోనూ పెట్టాడు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఒక తండ్రి ఆ కాగితాన్ని మడిచి చెవిలో గుబిలి తీసుకున్నాడు. ఒకావిడ దానితో విసురుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నాలుగు మాటలు అనేసి వచ్చాను. ముసలాయనకు మతి చలించిందని అనుకున్నారట. అనుకోనీ. అలాంటి కాగితం చేతికి రాక, దాని బదులు నా నోటి మాటను నమ్ముకుని చెడిపోయిన ఒక ఇంటి సంగతి నేను ఎరుగుదును. చిన్నవాళ్ళైన మీకు అది చెప్పాలని ఈ రాత.

పెనుకొండ బడిలో నా పని గంట కొట్టడం, సిరాబుడ్లు నింపడం, కుండల్లో నీళ్ళు పోయడం. పరీక్షలైపోయాక మిగిలిపోయిన ప్రశ్నపత్రాలు చెత్తలో పారేసేవారు. ఒకవైపు తెల్లగా ఉంటుంది కదా, అక్షరాలు దిద్దుకోవచ్చునని నేను తెచ్చుకునేవాణ్ణి. తెల్లవైపు నిండిపోయాక రెండోవైపు చూడక తప్పలేదు. అలా మొదలైంది నా చదువు. తెలియని ఇంగ్లీషు మాటలు పెద్ద తరగతి పిల్లలను అడిగేవాణ్ణి. ఒక్కో లెక్కకు ఒక్కో వారం పట్టేది. ఒకసారి ఒక బీజగణితం లెక్క ఉగాదికి పట్టుకుంటే వినాయక చవితికి తెగింది. తొందరేముంది? నన్నెవరడుగుతారు? ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పత్రాల గుట్టు నాకు చిక్కింది. మొదటి భాగం మొత్తం చేయాల్సిందే. రెండో భాగంలో ఎనిమిది ఇస్తారు, అయిదు చేస్తే చాలు. ఫలానా చోట వడ్డీ లెక్క వస్తుంది, ఫలానా చోట గది కొలతలు వస్తాయి. ఈ వరుస ఏటేటా పెద్దగా మారదు. పత్రం చూడకముందే దాని ఆకారం నేను చెప్పగలిగేవాణ్ణి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ధర్మవరం బడి గుమాస్తా పటాలంలో చేరి వెళ్ళిపోయాడు. చేతిరాత ముత్యాల్లా ఉందని ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. కుర్చీ మారగానే నేను పరీక్ష పాసైనవాణ్ణని ఊరంతా అనుకుంది. గుమాస్తా కుర్చీలో కూర్చున్నవాడు ఎస్.ఎస్.ఎల్.సి. అయినా కాకుండా ఉంటాడా? కాదని నేను చెప్పలేదు. అవునని కూడా చెప్పలేదు. ఆ రెంటికీ నడుమ హాయిగా కూర్చున్నాను.

ఆరో ఫారం, అంటే హైస్కూలు చివరి తరగతి, పిల్లల పరీక్ష దరఖాస్తులకు తండ్రుల సంతకాలు తీసుకోవడం నా పని. సాలె వీధి నుంచి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వేలిముద్రలే. వేలు సిరాలో ముంచుతూ అడిగేవాళ్ళు.

"ఈడ ఏమి రాసిండాది సామీ?"

"మీవాడు పరీక్షకు కూర్చుంటాడని."

"మావోనికి ఎక్కాలన్నీ వస్తాయి. లెక్కల పరీక్షంటే ఇంగేమి కావల్ల?"

ఇంకొకాయన, నూటికి ముప్పైఅయిదు రావాలని ఎవరో చెప్పగా విని, గుండె పట్టుకుని వచ్చాడు. "నూరు లెక్కలు ఇచ్చి ముప్పైఅయిదు చెయ్యమంటారంట గదా! ఒక్క పూటలో ముప్పైఅయిదు లెక్కలు ఎట్ల చేస్తాడు సామీ పిల్లోడు?"

నవ్వు రాలేదు, కోపం వచ్చింది. వాళ్ళ మీద కాదు. పిల్లవాణ్ణి మగ్గం మీద నుంచి లేపి, వాడి పని తల్లి చేత చేయించి, పదకొండేళ్ళు బడికి పంపిన మనిషికి ఆ పదకొండేళ్ళ చివర ఏముందో ఎవరూ చెప్పరా? హెడ్‌మాస్టరు దగ్గరికి వెళ్ళి, ఒకరోజు తల్లిదండ్రులను పిలిచి చెబుదామన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పరీక్ష రాసేది పిల్లలు కదయ్యా. వీళ్ళకెందుకు? వేలిముద్ర వేస్తే చాలు."

"వాళ్ళకు తెలిస్తే ఇంట్లో..."

"నీకు దరఖాస్తుల పని అయిపోయిందా?"

అయిపోలేదు. వెళ్ళి ఆ పని చూసుకున్నాను. కానీ ఆ అమావాస్యకు సాలె వీధికి పోయాను. అమావాస్య నాడు వాళ్ళు మగ్గం ఎక్కరు. నెలకు ఆ ఒక్కరోజే వీధిలో మగ్గాల చప్పుడు ఉండదు, మనిషి మాట మనిషికి వినబడుతుంది. సాయంత్రం బడి వదిలాక భజన మందిరం అరుగు మీద పాత ప్రశ్నపత్రం పట్టుకుని కూర్చున్నాను. మొదటిసారి నలుగురు వచ్చారు. మూడో అమావాస్యకు అరుగు చాలక వీధిలో చాపలు పరిచారు.

అందరికంటే ముందొచ్చి ముందు వరుసలో కూర్చునే నేతగాడు ఒకాయన ఉండేవాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఆయనకు ఒక్కడే కొడుకు, ఆరో ఫారంలో లెక్కల్లో మొదటివాడు. అప్పటికే ఆయన కంటికి సన్నపోగు ఆనడం లేదు. అంచు దగ్గరికి వచ్చేసరికి భార్యను పిలిచి, పోగు ఎక్కడుందో తన వేలికి తాకించుకునేవాడు. అనంతపురంలో కాలేజీ చదివే బీదపిల్లలకు ఉచితంగా అన్నం పెట్టే హాస్టలులో, ఆ ఏడాది ఈ పిల్లవాడికి ఒక చోటు ఇప్పిస్తామని కులపెద్దలు మాట ఇచ్చారు. ఆ ఏడాదికే. ఆయన లెక్క స్పష్టంగా ఉండేది.

"కాలేజీకి అర్హుడని వస్తే అనంతపురం. రాకుంటే గుంటలోకి దిగాల్సిందే సామీ. ఇంగొక ఏడు నా కండ్లు ఆగవు."

గుంట అంటే మగ్గం ముందు కాళ్ళు దించుకుని కూర్చునే గొయ్యి. ఆయన అందులో దిగి ముప్పై ఏళ్ళయింది.

ప్రశ్నపత్రంలో రెండు భాగాలుంటాయని చెబితే వాళ్ళకు ఎక్కడం లేదు. ఎనిమిదిలో అయిదు చేస్తే చాలన్న మాట అసలే మింగుడుపడలేదు. ఒక అవ్వ లేచింది.

"ఏమప్పా గుమాస్తా, ఇడ్సిపెట్టిన మూడు లెక్కలు మల్ల ఎవురు చేస్తారు?"

"ఎవరూ చెయ్యరవ్వా."

"ఎవురూ చెయ్యనిదానికి రాసేదెందుకు? యుద్ధమని కాగితం యాడా దొరక్కుండా ఉంటే!"

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. ఆమెకు నిజంగానే జవాబు కావాలి. అప్పుడు నాకు ఆ పోలిక తట్టింది. తట్టకుండా ఉంటే ఎంత బాగుండేది!

"మగ్గం అనుకోండి," అన్నాను. "పడుగులో ఎన్ని పోగులుండాలో అన్నీ ఉండాలి, మన ఇష్టం లేదు. మొదటి భాగం పడుగు. పేకకు ఏ రంగు వేస్తారన్నది మీ ఇష్టం కదా? రెండో భాగం పేక. ఎనిమిది రంగులు చూపిస్తారు, మీవాడికి చేతనైన అయిదు తీసుకుంటాడు."

వీధి మొత్తం ఒక్కసారి ఊపిరి వదిలినట్టయింది. "ఓ! ఇంతేనా!" అన్నారు. ఆ నేతగాడు నా మోకాలు తట్టాడు. "ఇన్నేండ్లు ఈ మాట ఒక్కరూ చెప్పల్యా సామీ!" నేను పొంగిపోయాను. కాలేజీ పట్టాలున్నవాళ్ళకు చేతకానిది నాకు చేతనైందని నా మనసులో ఒక గర్వం. అప్పుడాయన పక్కనున్న కొడుకు వైపు తిరిగాడు.

"ఇన్నావు కదరా? పడుగులో పోగు తెగితే ఏం జేస్తాం?"

"ఆపి ముడేస్తాం నాయనా."

"దాటి పోతామా?"

"పోము."

"పరీక్షలో గూడ అంతే. ఏమి సామీ?"

నేను తల ఊపాను.

నేత తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. పడుగులో, అంటే నిలువు దారాల్లో, ఒక పోగు తెగి, దాన్ని చూసుకోకుండా అడ్డపోగు నడిపే నాడె వేసుకుంటూ పోతే, అక్కడి నుంచి చీర పొడవునా సన్నటి గీత పడుతుంది. ఆ చీరను ఎవరూ తీసుకోరు. అందుకని పోగు తెగిందంటే అక్కడే ఆగాలి, ముడి వేశాకే ముందుకు కదలాలి. ధర్మవరంలో సాలెవాళ్ళ పిల్లలు నడక నేర్చిన నాటి నుంచి ఈ ఒక్క మాట మీద దెబ్బలు తింటారు. ఆ పిల్లవాడి చేతివేళ్ళ కణుపుల మీద ఆ మచ్చలు నేను చూశాను. అలాంటివాడితో తండ్రి ఆ మాట అంటుంటే నేను తల ఊపాను.

మరునాడు మా లెక్కల మాస్టరుకు నా పోలిక గొప్పగా చెప్పుకున్నాను. ఆయన నెమ్మదస్తుడు, ఆస్తమా మనిషి. రెండు తరగతులకు ఒక్కడే చెప్పలేక ఎప్పుడూ ఆయాసపడుతుండేవాడు. నేను పరీక్ష రాయనివాణ్ణని బడిలో తెలిసింది ఆయనకొక్కడికే. నా పాత పత్రాల్లోని తప్పులు దిద్దిపెట్టేవాడు. విని, "బాగుందయ్యా," అన్నాడు. మళ్ళీ తనే, "గడియారం పెట్టి చేయిస్తున్నావా?" అన్నాడు.

"గడియారం దేనికండీ? లెక్క వస్తే చాలదా?"

"నువ్వు పేపరు చదివావు. పరీక్ష చదవలేదు."

అంత మెత్తటి మనిషి అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. చదువు లేనివాణ్ణని ఎత్తిపొడిచాడనుకున్నాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అర్థం చేసుకుని ఉంటే తర్వాతి అమావాస్యకే సరిదిద్దేవాణ్ణి. పరీక్షకు ఇంకా రెండు అమావాస్యలు మిగిలి ఉన్నాయి.

మా బడికి అప్పట్లో పరీక్షాకేంద్రం లేదు. హిందూపురం పోవాలి. ఆరుగురు పిల్లలను తీసుకుని ముందురోజే రైలెక్కాను. సత్రంలో దిగాం. తెల్లవారి, లెక్కల పరీక్ష మొదలయ్యే వేళకు అక్కడి బంట్రోతు పరుగున వచ్చాడు.

"అదనం కాగితాలు ఇచ్చేవాడు రాల్యాప్పా. నువ్వు గుమాస్తానే కదా, రా. కాగితం, దారం ఇస్తా ఉంటే చాలు."

అలా హాలులోకి పోయాను. మావాళ్ళు ఆరుగురూ ఒకే వరుసలో ఉన్నారు. నేతగాడి కొడుకు కిటికీ పక్కన కూర్చున్నాడు. పత్రం చూశాను. నేను చెప్పిన ఆకారమే, వెంట్రుకవాసి తేడా లేదు. నా ఛాతీ ఉబ్బింది. అరగంట గంట కొట్టేసరికి వాడు మూడు లెక్కలు ముగించి నాలుగోదానిలో ఉన్నాడు. ఈ లెక్కన అందరికంటే ముందే లేస్తాడనుకున్నాను.

గంట గడిచింది. అదే పుట. గంటన్నర. అదే పుట. మిగతా అయిదుగురూ అదనం కాగితాలు అడిగి తీసుకున్నారు. వాడు అడగలేదు. కాగితాలిచ్చే నెపంతో ఆ వరుసలోకి వెళ్ళాను. నాలుగో లెక్క గదికి కాగితం అంటించడం. గది పదహారు అడుగుల పొడవు, పద్నాలుగు వెడల్పు, పన్నెండు ఎత్తు. తలుపులు, కిటికీలు నలభై అయిదు చదరపు అడుగులు. ఇరవై ఏడు అంగుళాల వెడల్పున్న కాగితం ఎన్ని గజాలు కావాలి? వాడి కాగితం మీద నూట ముప్పై మూడు గజాలు, ఇంకా పైన ఇరవై ఏడింట అయిదు వంతులు అని రాసి కొట్టేసి ఉంది. దాని కింద మళ్ళీ మొదటినుంచి చేసి, మళ్ళీ అదే వచ్చి, మళ్ళీ కొట్టేసి ఉంది. అలా నాలుగుసార్లు. అంత చిక్కు భిన్నం జవాబుగా రాదని వాడికి తెలుసు. ఎక్కడో పోగు తెగిందని తెలుసు. ఎక్కడ తెగిందో తెలియడం లేదు. అక్కడే ఆగి వెతుక్కుంటున్నాడు.

ఆ క్షణంలో నాకు మా మాస్టరు మాట అర్థమైంది. ఉగాదికి పట్టుకుని చవితికి తేల్చుకున్నవాణ్ణి, రెండున్నర గంటలంటే ఏమిటో నాకు ఎలా తెలుస్తుంది? పరీక్షలో సగం కాగితం మీద ఉంటుంది, సగం గోడ మీద గడియారంలో ఉంటుంది. నేను మొదటి సగమే ఆ వీధికి తీసుకుపోయి పంచాను.

వాడు తలెత్తి నన్ను చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. హాలు చూసే మాస్టరు అటు చివర మాకు వీపు పెట్టి నిలుచున్నాడు. "వదిలెయ్" అంటే చాలు. నాలుగు అక్షరాలు. పెదవి కదిపినా అర్థమయ్యేది. నేను కదపలేదు. దారం సరిచేసుకుంటూ ముందుకు నడిచాను.

నిజాయితీ అని చెప్పుకోవచ్చు. పరీక్ష హాల్లో పెదవి విప్పగూడదన్నది నా పదిహేనేళ్ళ నియమం. కానీ పెనుకొండలో ఒక పిల్లవాడికి చీటీ అందించి ఉద్యోగం పోగొట్టుకున్న బంట్రోతు మొహం కూడా అప్పుడు నా కళ్ళముందుంది. నియమమెంత, భయమెంత అని విడదీసి చూడాలని ఈ వయసు దాకా ప్రయత్నించాను. తెమలలేదు. మీరైతే ఏం చేసేవారో అని నేను అడగను. ఏం చేసేవారమో మనకు ముందే తెలుస్తుందని చెప్పేవాళ్ళను నేను నమ్మను.

చివరి పావుగంట గంట కొట్టాక వాడు బెదిరి రెండో భాగానికి దూకాడు. ఒకటి పూర్తి చేశాడు, ఒకటి సగం చేశాడు. అందులోని ఎనిమిదికి ఎనిమిదీ వాడికి వచ్చినవే.

మిగతా పరీక్షలయ్యాక తిరుగు రైలెక్కాం. మిగతావాళ్ళు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ గోల చేస్తున్నారు. వాడు చాలాసేపటికి నన్నడిగాడు.

"సార్, గదికి కాగితం అంటిచ్చేది ఎందుకు?"

"దొరల ఇండ్లలో అందానికి అంటిస్తారంట. నేనూ చూడలేదు."

"పైన మిద్దెకు గూడ అంటిస్తారా?"

"లేదు. నాలుగు గోడలకే."

వాడు నా జేబులోంచి పెన్సిలు తీసుకున్నాడు. శనక్కాయల పొట్లం విప్పి, పైకప్పు కొలత వదిలేసి, దాని మీద లెక్క మళ్ళీ వేశాడు. పెనుకొండ కొండ ఇంకా కనబడకముందే తలెత్తాడు.

"నూరు గజాలు సార్! సరిగ్గా నూరు! ఒక్క అంగుళం మిగల్లేదు."

వాడి మొహంలో అంత వెలుగు నేను మళ్ళీ చూడలేదు. తెగిన పోగు దొరికింది కదా! ఇక అంతా బాగైపోయినట్టే సంబరపడ్డాడు. పరీక్ష అయిపోయిన సంగతి వాడికి ధర్మవరం స్టేషనులో గుర్తొచ్చింది. దిగి, మూట తీసుకుని, నాతో చెప్పకుండా నడిచిపోయాడు.

గోడకు సున్నం కూడా ఏడాదికోసారి కొట్టుకోలేని ఇళ్ళ పిల్లలకు దొరల గదుల లెక్కలిచ్చిన మహానుభావుణ్ణి నేను ఈనాటికీ తిట్టుకుంటాను. తల్లిదండ్రులకు పరీక్ష సంగతి చెప్పడం తన పని కాదనుకున్న హెడ్‌మాస్టరునూ తిట్టుకుంటాను. తిట్లన్నీ అయ్యాక చివరికి మిగిలేది నేనే.

ఎండాకాలం చివర ఫలితాలొచ్చాయి. మార్కులు వేసి వచ్చిన ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకాలు విప్పి పేర్లవారీగా సర్దడం గుమాస్తాగా నా పనే. నేతగాడి కొడుక్కి అన్నింటిలోనూ మంచి మార్కులు. లెక్కల్లో కాలేజీ అర్హతకు ఏడు మార్కులు తక్కువ. లెక్కల మాస్టరు నా భుజం మీదుగా చూశాడు. ఆయన కుర్చీ నా పక్కకు లాగి కూర్చుని, మిగతా పుస్తకాలు తనే సర్దాడు.

సాయంత్రం నేతగాడి ఇంటికి పోయాను. ఆయన గుంటలో ఉన్నాడు. నన్ను చూసి నాడె ఆపాడు.

"తెలుసు సామీ. పిల్లోళ్ళు చెప్పినారు. కూర్చో."

నేను కూర్చోలేదు. ఆయనే మాట్లాడాడు.

"మావోడు ఏమీ తప్పు చెయ్యల్యా. నువ్వు చెప్పినట్లే చేసినాడు. పోగు తెగితే దాటి పోల్యా. వాళ్ళమ్మ ఏడుస్తాంటే అదే చెప్పినా. మన పిల్లోడు పోగు దాటి పోల్యా, అది చాలు అంటి."

ఆయన నన్ను ఓదారుస్తున్నాడు. అది భరించలేకపోయాను.

"దాటాలి అన్నా," అన్నాను. "పరీక్షలో దాటాలి. రానిదాన్ని వదిలేసి, వచ్చినవి చేసుకుని, పొద్దుంటే వెనక్కు రావాలి. నువ్వడిగిన రోజు నేను తల ఊపినాను. అది తప్పు."

ఆయన పడుగు వైపు చూశాడు. "నీకు తెలిసిండి గూడ చెప్పల్యానా?"

"తెలీదన్నా. నేను ఎన్నడూ పరీక్ష రాయలేదు. నేను పాసైనవాణ్ణి కాదు. అయిదో తరగతి కూడా ముగించలేదు."

లోపలి గదిలో గిన్నె చప్పుడు ఆగిపోయింది. ఆయన భార్య విన్నది. ఆ పిల్లవాడు కూడా అక్కడే ఉన్నాడేమో, నాకు తెలియదు. ఆయన గుంటలోంచి పైకి రాలేదు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"ఆ మాట ముందే చెప్పిండొచ్చు గదా సామీ," అన్నాడు, అంతే. గొంతు లేవలేదు.

నేను గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచాడు.

"ఈ మాట ఈదిలో ఇంగెవురికీ చెప్పద్దు. వచ్చే ఏడు పరీక్షకు పోయేవాళ్ళు ఈ ఈదిలో తొమ్మిదిమంది ఉండారు. నువ్వు గూడ ఒద్దంటే వాళ్ళకు చెప్పేవాళ్ళు ఎవురుండారు?"

వారం తిరక్కుండానే పిల్లవాడు గుంటలోకి దిగాడు. మళ్ళీ పరీక్ష కట్టమని నేను రెండుసార్లు అడిగాను. "నాయన కండ్లు చూస్తిరి కదా సార్," అన్నాడు. మంచి నేతగాడయ్యాడు. అది నాకు ఓదార్పు కాదు. వాడి పనితనం గురించి ఎవరు మెచ్చుకున్నా నేను పక్కకు తప్పుకునేవాణ్ణి.

ఆ తర్వాతి అమావాస్యకు వీధిలోకి పోబుద్ధి కాలేదు. పోయాను. లెక్కల మాస్టరు దగ్గర చేతిగడియారం అడిగి తీసుకుని పోయాను. చాపలు పరిచి ఉన్నాయి. ముందు వరుసలో ఆ నేతగాడు కూర్చుని ఉన్నాడు. ఆయన ఇంట్లో బడికి పోయేవాళ్ళు ఇంకెవరూ లేరు.

నేను గడియారం ఎత్తి చూపించాను. రాని లెక్క దగ్గర ఆగవద్దు, దాటి పొమ్మని మీ పిల్లలకు చెప్పండి అన్నాను. వీధి ఒప్పుకోలేదు. ఆ అవ్వే లేచింది.

"పోయినసారి పడుగంటివి, ఇప్పుడు తెగిన పోగును దాటి పొమ్మంటాండావు. ఇట్ల నేర్పితే రేపు మగ్గం కాడ గూడ దాటుకోని పోతారు. అప్పుడు చీరలు నువ్వు కట్టుకుంటావా?"

నవ్వులు లేచాయి. జవాబు చెప్పాలంటే ఆ పిల్లవాడి సంగతి చెప్పాలి, నా సంగతి చెప్పాలి. అప్పుడు ముందు వరుసలో ఆయన నేల మీద చెయ్యి ఊని మెల్లగా లేచాడు. జనం వైపు తిరిగాడు. ఆయన కొడుకు తప్పిన సంగతి వీధికి తెలుసు. ఎందుకు తప్పాడో తెలియదు.

"అవ్వా, పోగు తెగితే మగ్గం నిలుస్తాది," అన్నాడు. "మనం ముడేసేదాకా అది కాచుకోనుంటాది, ఎంతసేపైనా. ఆడ గడియారం కాచుకోదు. అందుకని ఆడ దాటల్ల. ఇంటికొచ్చినాక మగ్గం కాడ దాటగూడదు. రెండూ వేరే వేరే. పిల్లోళ్ళకు రెండూ చెప్పండి."

అవ్వ కూర్చుంది. ఆయన తన చోటు కోసం చేత్తో చాప తడుముకున్నాడు. కంటిచూపు అప్పటికే అంత తగ్గింది. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆయన నా వైపు వంగి, వీధికి వినబడకుండా అడిగాడు.

"సరిగ్గా చెప్పినానా సామీ?"

"సరిగ్గానే చెప్పినావన్నా," అన్నాను.